సాక్షి కాస్తా వకీలైపోయాడు

ఒరే గుంటడా, కాసేపు ఆ ఫోను కింద పెట్టి విను. ఎవరూ ఎత్తుకుపోరులే.

మొన్న క్రిస్మస్‌కి మా మనవడు బెంగుళూరు నుంచి వచ్చాడు. భిలాయిలో డిసెంబరు చలి ఎలా ఉంటుందో నీకు తెలీదు. రాత్రి పదకొండింటికి మంచినీళ్ళ కోసం లేచాను. వీడు హాల్లో దుప్పటి కప్పుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. "ఏరా, పండక్కి వచ్చి కూడా ఆఫీసేనా?" అన్నాను. "ఇది ఆ ఆఫీసు కాదు తాతా, ఇంకో ఆఫీసు" అన్నాడు. పగలు ఒక కంపెనీ, రాత్రి ఇంకో కంపెనీ. దీని సంగతి దానికి తెలీదు, దాని సంగతి దీనికి తెలీదు.

"చేరేటప్పుడు ఇంకెక్కడా పనిచేయనని సంతకం పెట్టావా లేదా?" అని అడిగాను.

"పెట్టాను తాతా. కానీ అందరూ చేస్తున్నారు. మూన్‌లైటింగ్ అంటారు దాన్ని. రెండుచోట్లా పని అవుతూనే ఉంది, ఎవరికీ నష్టం లేదు. నా మనస్సాక్షికి తప్పనిపించలేదు." అక్కడితో ఊరుకోలేదు. ఫోన్లో ఉండే కృత్రిమ మేధని కూడా అడిగాడట. అది కూడా నీ పరిస్థితి అర్థమైంది అందట.

మూన్‌లైటింగ్ అంట! వెన్నెల పేరు పెట్టారు దొంగచాటు పనికి. ఎంత చల్లగా ఉందో చూడు మాట. పేరు అంత బాగుంటే లోపలి పని బాగోలేదని ఎవడికి అనిపిస్తుంది? మా రోజుల్లో ఇన్ని మాటలు లేవు. ఉన్న నాలుగు మాటలే పుల్లలా గుచ్చుకునేవి. ఆ గుచ్చుకోవడం వల్లే బతుకు కాస్త తిన్నగా నడిచింది.

నేను భిలాయి వచ్చింది 1966లో, ఇరవయ్యో ఏట. ఈ ఊరి పుట్టుక నీకు ఎవరూ చెప్పి ఉండరు. 1955 ఫిబ్రవరి 2న మన ప్రభుత్వం సోవియట్ వాళ్ళతో ఉక్కు ప్లాంటుకి ఒప్పందం రాసుకుంది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నెస్‌ని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించారు. నేను వచ్చేసరికి ప్లాంటుని ఇరవై అయిదు లక్షల టన్నులకి పెంచుతున్నారు. శ్రీకాకుళం నుంచి, విశాఖ నుంచి రైలెక్కిన తెలుగువాళ్ళు సెక్టార్లలో, క్యాంపుల్లో, ఖుర్సీపార్‌లో ఎక్కడ చూసినా ఉండేవారు. పక్క క్వార్టరు వాళ్ళు సెక్టార్ 5లో బాలాజీ గుడి చూసుకున్నారు, మేం మా గుడి చూసుకున్నాం. మేం కతోలికులం. మా ఊళ్ళో చర్చి అని ఎవరూ అనేవారు కాదు, గుడి అనే అనేవాళ్ళం.

పరాయి దేశం పోతున్నానని మా అమ్మ ఏడుస్తుంటే మా ఊరి ఉపదేశి ఒక మాట చెప్పి ఊరుకోబెట్టాడు. నాగపూర్ పీఠం 1887లో మన విశాఖ పీఠం నుంచే విడిపోయింది, ఆ నాగపూర్ నుంచి 1964లో రాయపూర్ విడిపోయింది, కాబట్టి మీవాడు పోతున్నది మేనత్త ఇంటికేనమ్మా అన్నాడు. ఆ మేనత్త ఇల్లు 2004లో అగ్రపీఠం కూడా అయింది. కానీ అక్కడ భాష వేరు. గుడిలో లాటిన్ పోయి హిందీ వస్తున్న కాలం అది. ఫాదర్ గారు మలయాళీ. నేను తెలుగువాణ్ణి. ఇద్దరికీ వచ్చిన హిందీ కలిపితే ఒక మనిషికి సరిపడా ఉండేది కాదు.

అట్లకాడ సంగతి చెబుతాను, విను.

నేను మెషీన్ షాపులో టర్నర్‌ని. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ పెనం మీద దోసె తిప్పలేక చెక్క గరిటెతో అవస్థపడుతుంటే, నా మనసు ఊరుకోలేదు. స్క్రాప్ డబ్బాలో స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కలు పడి ఉండేవి. నైట్ షిఫ్టులో పని తగ్గిన వేళ ఒక రాడ్డు ముక్క, ఒక రేకు ముక్క తీసుకున్నాను. రేకు అంచు గ్రైండరు మీద పల్చగా దింపాను. రాడ్డుని లేత్ మీద పెట్టి, పట్టుకుంటే జారకుండా పిడికి గీతలు పోశాను. రెండూ అతికించి, పాలిష్ పట్టి, టిఫిన్ డబ్బాలో మూతకింద పెట్టుకుని ఇంటికి తెచ్చాను. అలాంటి అట్లకాడ భిలాయి మొత్తంలో ఇంకొకటి ఉండేది కాదు. దోసె అంచు కింద పెడితే అది కాగితంలా లేచి వచ్చేది. మా ఆవిడ దాన్ని నాలుగిళ్ళ వాళ్ళకి చూపించింది.

శనివారం వచ్చింది. మా రోజుల్లో శనివారం సాయంత్రం అంటే పాపసంకీర్తనం. గుడి గోడ వెంట వరస బయట చెట్టుదాకా ఉండేది. ఫస్ట్ షిఫ్టు దిగి, స్నానం చేసి, సైకిలు గోడకి ఆనించి వచ్చి నిలబడేవాళ్ళం. ఇప్పుడు చూడు, ఆదివారం సత్ప్రసాదం వరసలో చోటుండదు, శనివారం ఫాదర్ గారు ఒక్కరే కూర్చుని జపమాల తిప్పుకుంటుంటారు. ఊళ్ళో పాపాలు తగ్గిపోయాయని నేను అనుకోను.

అట్లకాడ సంగతి చెప్పాలి. తెలుగులో అయితే నాకు దారులున్నాయి. 'పనికిరాని ముక్క తెచ్చుకున్నాను' అనొచ్చు. 'సర్దుకున్నాను' అనొచ్చు. 'స్క్రాప్ కదా స్వామీ' అని దీర్ఘం తీయొచ్చు. హిందీలో నాకు ఆ మాటలేవీ రావు. ఎంత వెతికినా నోటికి దొరికిన మాట ఒక్కటే: చోరీ. ఆ మాట నా నోట్లోంచి బయటికి వచ్చాక, నా చెవికి నేనే మొదటిసారి విన్నాను. ఏం చేశానో అప్పటిదాకా నాకు తెలీదంటే నమ్ము.

జాలీ తెర అవతలి నుంచి ఫాదర్ గారు ఒక్క మాట అన్నారు: "వాపస్." అంతే. పది పరలోక జపాలు చెప్పుకో అని వదిలేస్తారనుకున్నాను. ఎత్తుకున్నది తిరిగి ఇచ్చే ఉద్దేశం లేకుండా దొంగతనానికి క్షమాపణ లేదు. చిన్నప్పుడు సత్యోపదేశంలో ఇది కూడా నేర్పారు. ఆత్మపరిశోధన, పశ్చాత్తాపం, ఇక చేయననే నిర్ణయం, పాపం చెప్పుకోవడం, పరిహారం. ఈ అయిదూ వేళ్ళు మడిచి లెక్కపెట్టి అప్పజెప్పేవాళ్ళం. అయిదో వేలు అంత బరువని ఆ రోజే తెలిసింది.

మా ఆవిడ అట్లకాడ ఇవ్వనంది. "తీసుకోవడానికి మీరు, సిగ్గుపడ్డానికి నేనా" అని తిరగబడింది. చివరికి కొంగులో చుట్టి చేతికిచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. సోమవారం మళ్ళీ టిఫిన్ డబ్బాలో పెట్టుకుని గేటు దాటాను. బయటికి తెచ్చినప్పుడు లేని వణుకు లోపలికి తీసుకెళ్ళేటప్పుడు వచ్చింది. ఫోర్‌మన్ ముందు పెట్టి సంగతి చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అట్లకాడతో మనకేం పని?" అన్నాడు. తర్వాత నా మొహం చూసి ఇంకేం అనకుండా తీసుకెళ్ళి స్క్రాప్ డబ్బాలో వేశాడు. అది కరిగి ఏ పట్టాలోనో కలిసిపోయి ఉంటుంది. ఆ రాత్రి నేను పడుకున్న నిద్ర మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు మా మనవడి మనస్సాక్షి దగ్గరికి వద్దాం.

మనస్సాక్షి అన్న మాటలోనే సాక్షి ఉన్నాడు. సాక్షి పని ఏమిటి? చూసింది చూసినట్టు చెప్పడం. కోర్టులో మనవైపు మాట్లాడేవాణ్ణి వకీలంటారు. ఫీజు ఇచ్చినవాడు ఏం చేసినా దానికో న్యాయం వెతికి పెడతాడు. మీ కాలంలో సాక్షి కాస్తా వకీలైపోయాడు. 'నా మనస్సాక్షికి తెలుసు' అని మీరన్న ప్రతిసారీ లోపల నల్లకోటు వేసుకుని లేచి నిలబడుతున్నాడు.

పునీత తోమా అక్వీను అని ఒక మహాజ్ఞాని ఉన్నారు. 1225 ప్రాంతంలో ఇటలీలో పుట్టారు, 1274లో పోయారు. మనస్సాక్షి అంటే లోపల్నుంచి వినపడే ఆకాశవాణి అని ఆయన అనలేదు. మనకి తెలిసిన ధర్మాన్ని, ఇప్పుడు చేస్తున్న ఈ ఒక్క పనికి పెట్టి చూసుకోవడమే మనస్సాక్షి అన్నారు. తెలిసినదే తప్పయితే చూసుకున్నదీ తప్పవుతుంది. మనస్సాక్షి చెప్పినదానికి ఎదురెళ్ళి చేయకూడదు, అది పొరపాటు పడినా సరే. కానీ తెలుసుకోవలసింది తెలుసుకోకుండా కూర్చుని, నాకు అలాగే అనిపించింది అంటే ఆ తప్పు మాసిపోదు. ఆయన కట్టిన ముడి ఇది.

మా షాపులో ఇది ప్రతి హెల్పరుకీ తెలుసు. మైక్రోమీటరుకి జీరో ఎర్రర్ ఉందనుకో. అది అబద్ధం చెప్పాలని చెప్పదు. పాపం నిజాయితీగానే చూపిస్తుంది, చూపించిన ప్రతి కొలతా తప్పే. దాన్ని నమ్మి తీసిన షాఫ్టు బేరింగులో దిగదు. అందుకే దాన్ని అప్పుడప్పుడు స్టాండర్డు ముక్కతో సరిచూసుకునేవాళ్ళం. శనివారం వరస అంటే అదే. రాత్రి పడుకునే ముందు మంచం అంచున కూర్చుని చేసే ఆత్మపరిశోధన అంటే అదే. మా నాన్న లాంతరు తగ్గించి, పొద్దుట్నుంచి ఎవరితో ఏమన్నాను, ఎవరికి ఏం ఎగ్గొట్టాను, చేయాల్సింది ఏం చేయలేదు అని పెదాలు కదుపుతూ లెక్క చూసుకునేవాడు. ఇప్పుడు మీరు పడుకునే ముందు చూసుకునేది ఫోను చార్జింగు.

ఆ యంత్రాన్ని అడిగానంటాడు మనవడు. అడిగింది వాడే, వాడికి కావలసిన వైపు నుంచి అడిగింది వాడే. వాడి మొహంలో రంగు మారడం దానికి కనిపించదు. ఫాదర్ గారైతే ఎదురు ప్రశ్న వేసేవారు: సంతకం ఎందుకు పెట్టావు? 2025 జనవరిలో రోము నుంచి కృత్రిమ మేధ మీద ఒక పత్రం వచ్చింది. యంత్రం ఎంత తెలివిగా మాట్లాడినా మంచిచెడ్డల బాధ్యత మనిషిదే అని అందులో రాశారు. ఆ మే నెలలో ఎన్నికైన పాపు గారు పద్నాలుగో లియో అని పేరు పెట్టుకున్నదీ ఇందుకే. పదమూడో లియో పాపు గారు 1891లో ఫ్యాక్టరీ కార్మికుల గురించి విశ్వలేఖ రాశారు. ఇప్పుడు మళ్ళీ అలాంటి మార్పే వచ్చిపడిందని ఈయన తన పేరుకి కారణం చెప్పారు. ఎనభై ఏళ్ళకి దగ్గరపడ్డ నాకు ఈ సంగతులు తెలుసు. రోజంతా ఆ యంత్రంతోనే పనిచేసే వాడికి తెలీదు.

అక్వీను ఒక పనిని మూడు వైపుల నుంచి చూడమన్నారు: చేసిన పని, చేసిన ఉద్దేశం, చుట్టూ ఉన్న పరిస్థితి. మూడూ బాగుంటేనే పని మంచిది. ఒక్కటి పాడైనా పాడే. పాలకుండలో ఒక్క చుక్క విషం చాలదా? మనవడి ఉద్దేశం బంగారం, చెల్లి పెళ్ళి అప్పు తీర్చాలి. పరిస్థితి, అందరూ చేస్తున్నారు. బాగానే ఉంది. మరి పని? జీతమిచ్చేవాడికి మాటిచ్చి, వాడికి తెలీకుండా ఆ మాట తప్పడం. అప్పు ఉందని చెప్పి అనుమతి అడుగు. ఇవ్వకపోతే ఒకటి మానెయ్ అన్నాను వాడితో. తేలిక అని నేను అనడం లేదు. నాకు అట్లకాడే తేలిక కాలేదు.

మా షాపుకి ఒక రష్యా ఇంజినీరు వచ్చేవాడు. దేవుడు లేడనే దేశం ఆయనది. ఒకసారి నేను తీసిన షాఫ్టు కొలత వెంట్రుకవాసి తేడా వచ్చింది. ఎవరూ పట్టుకోరని పక్కన పెట్టేశాను. ఆయన వచ్చి వేలితో తడిమి, ఏమీ అనకుండా నా లేత్ ఆపి, కొత్త రాడ్డు తెచ్చి బిగించి, పక్కనే నిలబడ్డాడు. మళ్ళీ మొదట్నుంచి తీసేదాకా కదల్లేదు. దేవుణ్ణి నమ్మనివాడికి ఇంత పట్టింపు ఎక్కడిదని ఆ శనివారం ఫాదర్ గారిని అడిగాను. ధర్మం ప్రతి మనిషి గుండెలోనూ రాసే ఉంటుందని పౌలు గారు రోమా వాళ్ళకి రాసిన లేఖ తీసి చూపించారు. ఇంకో సంగతి కూడా చెప్పారు. భిలాయి ఒప్పందం రాసుకున్న 1955లోనే, మే 1ని శ్రామికుడైన జోజప్ప గారి పండగగా పన్నెండో పయస్ పాపు గారు ప్రకటించారట. రష్యావాళ్ళ ఎర్రజెండా పండగా, మా వడ్రంగి జోజప్ప పండగా ఒకే రోజు. మేం మే డే నాడు పొద్దున్నే పూజకి వెళ్ళి, అటునుంచి అటే యూనియన్ మీటింగుకి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు మీకు మే 1 అంటే లాంగ్ వీకెండు.

ఇంతా చెప్పి ఒక సంగతి దాచుకుంటే నేనూ వకీల్నే అవుతాను.

మా జపాల పుస్తకంలో పరలోకం వైపు మొరపెట్టే పాపాలని నాలుగు ఉండేవి. వాటిలో ఒకటి, కూలివాడి కూలి ఎగ్గొట్టడం. చిన్నప్పుడు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాణ్ణి. ఒక వానాకాలం మా క్వార్టరు వెనక మడి గట్టు పోయడానికి ఒక రేజాని కుదుర్చుకున్నాను. ఛత్తీస్‌గఢ్‌లో కూలి ఆడమనిషిని రేజా అంటారు. చంకలో పిల్లతో వచ్చింది. మధ్యాహ్నం వాన పడింది. పని ఆగింది. సగం రోజే చేశావు కదా అని సగం కూలే చేతిలో పెట్టాను. ఆమె ఏమీ అనలేదు. తట్ట తలమీద పెట్టుకుని, పిల్లని పైట కింద దాచుకుని వానలో వెళ్ళిపోయింది. ఆ రాత్రీ ఆత్మపరిశోధన చేశాను. శుక్రవారం మాంసం తిన్నానా, జపమాల తప్పించానా, ఎవరిమీదైనా కోప్పడ్డానా అని అన్నీ వెతికాను. రేజా గుర్తుకే రాలేదు.

ఏళ్ళు గడిచాయి. దల్లీ రాజ్‌హరా గనుల్లో శంకర్ గుహా నియోగి గారు కాంట్రాక్టు కూలీలని కూడగట్టారు. వాళ్ళ చేత తాగుడు మాన్పించారు. కూలీలే చందాలు వేసుకుని, చెమటోడ్చి 1983లో షహీద్ ఆస్పత్రి నిలబెట్టుకున్నారు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున ఇదే భిలాయిలో, నిద్రలో ఉన్న ఆయన్ని కాల్చి చంపారు. 1992 జూలై 1న పవర్ హౌస్ స్టేషను దగ్గర పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్ళలో చాలామంది నా వయసువాళ్ళో, నాకన్నా చిన్నవాళ్ళో. ఆ ఆదివారం గుడిలో మోకాళ్ళమీద ఉంటే నాకు ఎవరి మొహమూ కనబడలేదు, తట్ట మోస్తూ వానలో వెళ్ళిన ఆ రేజా వీపు కనబడింది. వాళ్ళు అడిగింది పదమూడో లియో గారు వందేళ్ళ కిందట రాసిందే: మనిషి తన కుటుంబంతో బతకడానికి చాలిన కూలి.

మర్నాడు ఆమెని వెతుక్కుంటూ క్యాంపు వైపు వెళ్ళాను. పేరు తెలీదు. ఊరు తెలీదు. ఇన్నేళ్ళ తర్వాత ఎవరిని అడిగితే ఏం చెబుతారు? ఇవ్వవలసిన మనిషి దొరక్కపోతే ఆ సొమ్ము పేదవాళ్ళకి పోవాలని ధర్మం. అలాగే చేశాను. కానీ అప్పు తీర్చినట్టు అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. మా రోజుల్లో వరస పొడుగు నిజమే గానీ, వరసలో నిలబడి మేం చదువుకున్న జాబితా పొట్టిది. మా ఊరి గుడిలో కులానికో వైపు కూర్చున్నామని కూడా అందులో ఎప్పుడూ రాసుకోలేదు.

అదే మా మనవడు, నేను ఇందాకట్నుంచి తిడుతున్న మనవడే, పనమ్మాయి వారం రాకపోయినా జీతం కోయడు. వానలో తడిసి వచ్చిన డెలివరీ కుర్రాణ్ణి లోపలికి పిలిచి తువ్వాలు ఇచ్చాడు. నేను చూశాను. ఆ విషయంలో వీడి మైక్రోమీటరు నాదానికన్నా తిన్నగా ఉంది. ఒప్పుకుంటున్నాను.

అయినా నా మాట నాదే. మనసుకి అనిపించినదాన్నే నమ్ముకుంటే ఎంత దగా పడతామో ఇంకోటి చెప్పి ముగిస్తాను. నేర్పని మనసు తప్పుని వదిలేస్తుంది, తప్పు కానిదానికి ఉరి వేస్తుంది.

మా ఆవిడ చివరి రోజులు. ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయి. డాక్టరు గారు మమ్మల్ని పక్కకి పిలిచి, వెంటిలేటరు పెడితే కొన్ని రోజులు లాగొచ్చు, మళ్ళీ లేవడం మాత్రం ఉండదు అన్నారు. మా చిన్నవాడు గోడకి తల కొట్టుకుంటున్నాడు. "పెట్టకపోతే అమ్మని మనమే చంపినట్టు నాన్నా" అంటాడు. వాడి మనస్సాక్షికి అలా అనిపించింది. నిజంగానే అనిపించింది. కానీ అది తప్పు కొలత.

1957 నవంబరులో మత్తు వైద్యులు అడిగిన ప్రశ్నకి పన్నెండో పయస్ పాపు గారు జవాబు చెప్పారు. ప్రాణం నిలబెట్టుకోవడానికి మామూలు సాధనాలు వాడాలి. మనిషికీ ఇంటికీ మోయలేని బరువయ్యే అసాధారణ సాధనాలు వాడితీరాలని లేదు. చంపడం వేరు, వచ్చే చావుని రానివ్వడం వేరు. మందు పోసి ప్రాణం తీయడం ఎప్పుడూ కూడదు. లేవని మనిషిని యంత్రానికి కట్టి ఉంచకపోవడం హత్య కాదు. 2018లో మన సుప్రీంకోర్టు కూడా కోలుకోలేని మనిషికి యంత్రాలు వద్దనుకునే హక్కు ఉందని తీర్పిచ్చింది. గుడి అరవై ఏళ్ళ ముందే గీసిన గీత అది. ఇదంతా ఆ వరండాలో బల్లమీద కూర్చుని చిన్నవాడికి చెప్పాను. వాడి భుజాలు మెల్లగా దిగాయి.

ఫాదర్ గారు వచ్చి అవస్థాభ్యంగనం ఇచ్చారు. నుదుటి మీద నూనె తడి ఆరకముందే ఆవిడ నావైపు చూసి నెమ్మదిగా, "ఆ అట్లకాడ ఇచ్చేసి ఉండాల్సింది కాదు" అంది. యాభై ఏళ్ళు సాధించింది ఆ అట్లకాడ గురించి. తెల్లారేసరికి, మేమంతా చుట్టూ జపమాల చెబుతుండగా, ఇంట్లో మనిషిలా వెళ్ళిపోయింది. చిన్నవాడు ఇవాళ నిద్రపోగలుగుతున్నాడంటే, ఆ రోజు వాడికి ఒకరు గీత ఎక్కడుందో చూపించారు కాబట్టి.

మనవడు పండగయ్యాక బెంగుళూరు వెళ్ళిపోయాడు. దుర్గ్ స్టేషనులో రైలెక్కేముందు "ఆలోచిస్తాను తాతా" అన్నాడు. నా మనస్సాక్షికి తెలుసు అని మాత్రం అనలేదు. నాకు అది చాలు.

నువ్వు ఏ గుడికి వెళ్ళేవాడివో నాకు తెలీదు. ఏ గుడికైనా సరే, రాత్రి దీపం ఆర్పేముందు అయిదు నిమిషాలు మంచం అంచున కూర్చో. ఇవాళ చేసినదానికి అందమైన పేరు తీసేసి ముతక పేరు పెట్టి చూడు. ఎవరికి ఏం బాకీ ఉన్నావో చూడు. ఆ మనిషి ఇంకా కనబడే దూరంలో ఉండగానే వెళ్ళి ఇచ్చెయ్. నాలాగ ఏళ్ళు పోనిచ్చి క్యాంపు సందుల్లో వెతుక్కోకు.

మా వాడివే అయితే, శనివారం సాయంత్రం అయిదింటికి ఫాదర్ గారు కూర్చుంటారు. నేను మొదటి బల్లమీద ఉంటాను. వరస పొడుగ్గా ఉండదు. రా.